సమాధి తర్వాతి పంక్తి

దారానికి ఒక కొస పెయింటరు చేతిలో, రెండో కొస అతని భార్య చేతిలో ఉన్నాయి. దారం పొడవునా నీలం పొడి అద్దారు. ఇద్దరూ గోడకి ఆనించి బిగించి పట్టుకున్నాక అతను ఖాళీ చేత్తో దారాన్ని కాస్త లాగి వదులుతాడు. టప్పుమని గోడ మీద సన్నటి నీలిగీత పడుతుంది. అప్పుడతను బల్ల దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి, తల ఒక పక్కకి వంచి చూసి, మళ్ళీ ఎక్కుతాడు. గీత గీతకీ ఇదే తంతు. పెళ్ళయిన కొత్తలో ఆ చూపు చూసి ఆమె నవ్వేది. ఇప్పుడు తనూ తల వంచే చూస్తుంది.

అది చర్చిలో బలిపీఠం వెనక గోడ. చెమ్మకి పాత సున్నం పెచ్చులూడిపోతే గీకి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, మీగడ రంగు వేశారు. ఇప్పుడు గోడ నిండుగా విశ్వాస ప్రమాణం రాయాలి. ప్రతి ఆదివారం అందరూ లేచి నిలబడి, తండ్రిని నమ్ముచున్నాను, కుమారుని నమ్ముచున్నాను, పరిశుద్ధాత్మను నమ్ముచున్నాను అని ఒక్క గొంతుతో చెప్పే మాటలు. ఇన్నాళ్ళూ అవి నోళ్ళలోనే ఉన్నాయి. ఇకనుంచి జానెడు అక్షరాల్లో కళ్ళెదుట ఉంటాయి.

అక్షరాల అంచులు అతను గీస్తాడు. లోపలి రంగు ఆమె నింపుతుంది. ఊళ్ళో మందుల కొట్టు మొదలుకొని పళ్ళ డాక్టరు దాకా సగం బోర్డులు ఈ ఇద్దరి చేతుల్లో పుట్టినవే.

"ఎంతవరకు వచ్చింది?" అంటూ సంఘం కార్యదర్శి లోపలికి వచ్చాడు. ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా చొక్కా మడత మాత్రం ఇంకా బడికి వెళ్తూనే ఉంది.

"గీతలు పడుతున్నాయండీ," అన్నాడు పెయింటరు. "కానీ మీరు చెప్పినంత అక్షరం రాసి, కింద అలంకారపు అంచు కూడా వేస్తే ఒక పంక్తి ఎక్కువవుతోంది. మన ఒత్తులు ఊరుకోవు కదా, కింద కూడా చోటడుగుతాయి. అక్షరం కాస్త తగ్గించమంటారా?"

"తగ్గించొద్దు. వెనక బెంచీలో ముసలివాళ్ళకి కూడా కనపడాలి. పంక్తే ఒకటి తీసేస్తున్నాం." కార్యదర్శి గొడుగు మొనతో గాల్లో చూపించాడు. "'సమాధి చేయబడెను' అయ్యాక తిన్నగా 'మూడవ దినమున లేచెను'కి వెళ్ళిపోండి."

పెయింటరు పెదవులు కదుపుతూ మనసులో చెప్పుకున్నాడు. "అంటే మధ్యలో 'మృతుల లోకమునకు దిగెను'..."

"అదే. మొట్టమొదటి ప్రమాణంలో ఆ మాట లేదు. తర్వాతెప్పుడో ఎవరో చేర్చారు. నా సొంత తెలివి కాదిది, పుస్తకాల్లో ఉన్నదే. ఈ గోడ పని పూర్తయ్యాక ఆదివారం చెప్పేటప్పుడు కూడా వదిలేస్తాం. కమిటీలో అనుకున్నాం."

ఆమె చేతిలో దారం వదులైంది. సరిగ్గా అప్పుడే పెయింటరు లాగి వదిలాడు. గీత పడాల్సిన చోట మెలికలు తిరిగిన నీలి మరక పడింది.

"ఎలక తోక గీయమంటే ఇది చాలు," అన్నాడతను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. తడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. తుడిచినకొద్దీ నీలం పాకింది. కార్యదర్శి వెళ్ళిపోయాక కూడా ఆమె ఆ చోటే తుడుస్తూ ఉంది.

"చాలు, మీగడ రంగు కూడా ఊడొస్తుంది," అని పెయింటరు నెమ్మదిగా ఆమె చేతిలోని గుడ్డ తీసుకున్నాడు.

*

సాయంత్రం పెరట్లో ఆమె కుంచెలు కడుగుతోంది. టర్పెంటైన్ డబ్బాలో ఒక్కొక్కటే ముంచి, డబ్బా అంచుకి రాసి, పాత గుడ్డలో చుట్టి పిండాలి. తర్వాత సబ్బునీళ్ళు. చివర్లో వెంట్రుకలన్నీ ఒక్క మొనకి వచ్చేలా వేళ్ళతో సర్ది ఆరబెట్టాలి. ఈ చివరి పని పెయింటరు ఎవర్నీ చెయ్యనివ్వడు, ఆమెని తప్ప.

అతను గుమ్మంలో కూర్చుని గోళ్ళలో రంగు తీసుకుంటున్నాడు.

"ఆ పంక్తి లేకుండా నేను నింపలేనండీ," అందామె.

"లేని పంక్తిని నిన్నెవరు నింపమన్నారే?"

"వేళాకోళం కాదు."

"కాదులే." అతను ఇంకో గోరు గీరాడు. "గోడ వాళ్ళది, మాట వాళ్ళది. మనం రాసేవాళ్ళం. మొన్న పళ్ళ డాక్టరు బోర్డు మీద 'నొప్పి లేకుండా' అని రాశామా లేదా? నమ్మే రాశామా?"

ఆమెకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కుంచె డబ్బాలో పడేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వాళ్ళ పెరటి గోడ మీదుగా చూస్తే పాత గని కనిపిస్తుంది. మనుషుల్ని కిందికీ పైకీ చేరవేసిన పెద్ద చక్రం ఇప్పుడు తిరగదు. నీళ్ళు చొరబడిన రోజున పైకి రానివాళ్ళు కొందరున్నారు. నీళ్ళు తోడి తోడి, చివరికి గని నోటికి కాంక్రీటు పోసి మూసేశారు. ఆమె తమ్ముడు ఆ కిందే ఉన్నాడు.

"'సమాధి చేయబడెను' అన్నది మావాడికి దక్కలేదండీ," అందామె. "పెట్టె లేదు, గుంట లేదు, పిడికెడు మన్ను వేసినవాళ్ళు లేరు. వాడికంటూ ఆ గోడ మీద ఉన్నది ఆ తర్వాతి పంక్తే. అదొక్కటీ కొట్టేస్తే మావాడు ఎక్కడున్నట్టు?"

పెయింటరు గోళ్ళు గీరుకోవడం మానేశాడు. "పాస్టరు అయ్యగారిని ఒక మాట అడిగి చూడరాదూ," అన్నాడు. "కొత్తాయనే. కసురుకునే రకం కాదు."

*

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి అయ్యగారు అంట్లు తోముతున్నాడు. ఆయన భార్యకి ఆస్పత్రిలో ఉద్యోగం. ఆవిడ పొద్దున డ్యూటీకి వెళ్ళిన రోజున వంటిల్లు ఆయనదే.

"రండక్కా. చేతులు సబ్బుగా ఉన్నాయి, ఏమనుకోకండి."

ఆమె ఏమీ అనుకోలేదు గానీ ఊరికే నిలబడలేకపోయింది. మేకుకి వేలాడుతున్న గుడ్డ తీసుకుని, ఆయన కడిగి పెట్టిన పళ్ళెం తుడుస్తూ అడిగింది. "కార్యదర్శిగారు చెప్పింది నిజమేనా అయ్యగారూ? ఆ మాట మొదట్లో లేదా?"

'కాదు' అంటాడని ఆమె దారి పొడవునా అనుకుంటూ వచ్చింది.

"నిజమే అక్కా," అన్నాడాయన.

ఆమె తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది.

"అసలు మొదట్లో ఇది ఇలా గడగడా అప్పజెప్పే పాఠమే కాదు," అన్నాడు అయ్యగారు. "బాప్తిస్మానికి వచ్చినవాళ్ళని నీళ్ళలో నిలబెట్టి అడిగేవాళ్ళు. సర్వశక్తిగల తండ్రిని నమ్ముతున్నావా? నమ్ముతున్నాను. ఒకసారి ముంచేవాళ్ళు." చేతిలో ఉన్న గ్లాసుని బేసిన్లో ముంచాడు. "కుమారుడు పుట్టాడనీ, సిలువ మీద చనిపోయాడనీ, లేచాడనీ నమ్ముతున్నావా? నమ్ముతున్నాను. రెండోసారి. పరిశుద్ధాత్మని నమ్ముతున్నావా? మూడోసారి." గ్లాసు మూడు మునకలూ వేసి బయటికి వచ్చింది. "అడిగితే చెప్పిన జవాబులే మెల్లమెల్లగా పెరిగి, కలిసి, మనం చెప్పే ప్రమాణం అయ్యాయి. దాన్ని రాసుకోనిచ్చేవాళ్ళు కూడా కాదు. విని, గుండెలో పెట్టుకుని, మళ్ళీ నోటితో చెప్పాలి."

"పన్నెండుమంది శిష్యులూ తలో మాటా చెబితే తయారైందని మా నాయనమ్మ చెప్పేది."

"మా నాయనమ్మా చెప్పింది." ఆయన నవ్వాడు. "ఎవరు ఏ మాట చెప్పారో కూడా పంచిపెట్టేశారు వెనకటివాళ్ళు. మంచి కథ. శిష్యులు నేర్పినదాంట్లోంచి వచ్చిందే గానీ, వాళ్ళు కూర్చుని రాసింది కాదు."

"మరి ఈ దిగడం?"

"దగ్గర దగ్గర నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఒక ఊరి సంఘం చెప్పుకునే ప్రమాణంలో కనపడుతుంది. ఆ ఊరాయనే దాని గురించి రాస్తూ, రోము సంఘం వాళ్ళు ఈ మాట చెప్పరు, అయినా 'సమాధి చేయబడెను' అన్నదానికీ దీనికీ భావం ఒకటే అనిపిస్తోంది అన్నాడు."

"ఒకటి కాదయ్యగారూ," అందామె. అంత గట్టిగా అన్నందుకు తనే ఉలిక్కిపడి గొంతు తగ్గించింది. "ఒకటెలా అవుతుంది? సమాధి చేసేది నలుగురూ మోసుకెళ్ళి. దిగేది తన కాళ్ళతో తను."

అయ్యగారు గ్లాసు బోర్లించి ఆమె వైపు తిరిగాడు. "చాలామంది మీలాగే అనుకున్నారక్కా, ఆ రోజుల్లో కూడా. ప్రమాణంలో ఈ పంక్తి ఆలస్యంగా చేరింది గానీ, ఆయన చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళాడన్న నమ్మకం అంతకంటే చాలా పాతది. తూర్పు దేశాల సంఘాల వాళ్ళు బొమ్మలు కూడా వేసుకున్నారు. ఆయన కిందికి దిగి, తలుపులు విరగ్గొట్టి, అక్కడున్న మొట్టమొదటి మనిషిని పైకి లాగుతుంటాడు. చెయ్యి పట్టుకుని కాదు, ఇదిగో, ఇక్కడ, మణికట్టు పట్టుకుని."

సబ్బు చేత్తో తన మణికట్టు తనే పట్టుకుని చూపించాడు. ఆమె పళ్ళెం కింద పెట్టింది. గనిలో పనిచేసే వాళ్ళ ఇంట పుట్టిన మనిషికి ఆ పట్టు ఎవరూ నేర్పక్కర్లేదు. కిందపడ్డవాడి వేళ్ళు పట్టుకోకూడదు. వాడి చేతిలో బలం ఉంటుందని నమ్మకూడదు. మణికట్టు దగ్గర పట్టుకుంటే లాగేవాడి బలం ఒక్కటే చాలు.

"మరి ఇదంతా కార్యదర్శిగారికి మీరు చెప్పండి."

"కమిటీలో నోరు తెరిచానక్కా. ఆయన కళ్ళజోడు తీసి, 'అయ్యగారూ, మీ వయసెంత?' అన్నారు. దాంతో నాకు నా వయసు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు." అయ్యగారు చేతులు తుడుచుకున్నాడు. "నా మాటని పుస్తకాల చదువు కింద తీసిపారేస్తారు. మీరు చెబితే వింటారేమో."

"నేనా!" అంది ఆమె.

*

ఆ మరుసటి రోజు ఆమె గోడకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి పై పంక్తుల్లో రంగు నింపుతోంది. కింది పంక్తులకి అంచులు గీయడానికి పెయింటరు రెండో బల్ల వేసుకున్నాడు. చెయ్యి వణక్కుండా కర్ర మీద మణికట్టు ఆన్చి, ఊపిరి బిగబట్టి, ఒక్కో వంపూ ఆగకుండా తిప్పుతాడు. వంపు పూర్తయ్యాక హుఁ అని ఊపిరి వదులుతాడు. ఆ చప్పుడు వినబడితేనే ఆమె మాట్లాడుతుంది. ఆ రోజు ఊపిరి వదిలాక కూడా మాట్లాడలేదు. కార్యదర్శితో ఏమనాలో మనసులో కూర్చుకుంటోంది. మొదటి మాట దొరికితే రెండోది జారిపోతోంది.

కార్యదర్శి వచ్చి, మధ్య దారిలో ఆగి, గోడని పైనుంచి కిందికి చదివాడు.

"బాగుంది. చాలా బాగుంది. కానీ ఇక్కడీ ఖాళీ ఏమిటి?"

గోడకి అంత దగ్గరగా ఉన్నవాళ్ళకి గోడ కనిపించదు. ఆమె కుంచె డబ్బా మీద పెట్టి, బల్ల దిగి, ఆయన పక్కకి వచ్చి చూసింది. 'సమాధి చేయబడెను'కీ 'మూడవ దినమున'కీ మధ్య గోడ ఖాళీగా ఉంది. సరిగ్గా ఒక పంక్తికి పట్టేంత. దానికోసం కింద అలంకారపు అంచుకని గీసిన గీతలు తుడిచేసి ఉన్నాయి. ఆమె భర్త వైపు చూసింది. అతను చాలా శ్రద్ధగా కుంచె మొన పరీక్షిస్తున్నాడు.

"అక్కడ లప్పం ఇంకా తడిగా ఉందండీ," అన్నాడు.

కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, చెయ్యి చాచి, అరచెయ్యి ఆనించి చూశాడు. "తడా?"

"లోపల తడి."

"నేను లెక్కలు చెప్పినవాణ్ణయ్యా. ఒక పంక్తి పోతే అంచుకి చోటు మిగలాలి. అంచు పోయి చోటు ఇక్కడ తేలింది. ఎందుకు?"

"నా కోసమండీ," అంది ఆమె.

కూర్చుకున్న మాటలేవీ రాలేదు. వేరేవి వచ్చాయి. "మా తమ్ముడు ఆ గనిలోనే ఉండిపోయాడు. మీకు తెలుసు. వాడికి సమాధి లేదు. గని మూసేసిన రోజు ఆఫీసరు గేటు దగ్గర నిలబడి, ఇంక దిగేవాళ్ళెవరూ లేరమ్మా, ఇంటికి వెళ్ళండి అన్నాడు. మేమంతా వచ్చేశాం. ఆ ఆదివారం ఇక్కడ నిలబడి నేను పెదాలు కదుపుతున్నానే గానీ ఏమీ చెప్పట్లేదు. ఆ మాట వచ్చింది. దిగెను. అప్పుడే నాకు గొంతు వచ్చింది. అప్పట్నుంచీ ఆ ఒక్క మాట కోసమే మిగతావన్నీ చెబుతున్నానండీ. తర్వాత చేర్చారంటే చేర్చే ఉంటారు. అవసరమైనవాళ్ళెవరో చేర్చి ఉంటారు."

కార్యదర్శి వెళ్ళి ముందు బెంచీ మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీశాడు. అయ్యగారి సంగతి గుర్తొచ్చి ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కానీ ఆయన వయసు అడగలేదు.

"ఆ మాట దగ్గర నేను నోరు తెరవనమ్మా," అన్నాడు. "చిన్నప్పట్నుంచీ."

పెయింటరు బల్ల మీదే చతికిలబడ్డాడు.

"మా అమ్మ చర్చికి వచ్చేది కాదు. నాన్నా నేనూ వచ్చేవాళ్ళం. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, నా కాలరు సర్ది, వెళ్ళిరా అనేది. ఆవిడకి బాప్తిస్మం లేదు, ఏమీ లేదు. ఉన్నట్టుండి పోయింది. ఆ వారం ఇక్కడ అందరితో పాటు నిలబడి చెబుతున్నాను. 'మృతుల లోకమునకు' అనగానే పక్కనున్న సంఘపెద్ద నా చెవి దగ్గరికి వంగి, మీ అమ్మ ఉండేది అక్కడేరా, నువ్వైనా జాగ్రత్తగా ఉండు అన్నాడు. చెడ్డవాడు కాదు. నన్ను బాగుచేస్తున్నాననే అనుకున్నాడు."

కళ్ళజోడు తుడుచుకున్నాడు గానీ పెట్టుకోలేదు.

"ఇంతకాలం అది గాల్లో వచ్చి గాల్లో పోయేది. ఇప్పుడు జానెడు అక్షరాల్లో, ఎదురుగా, నేను బతికున్నన్నాళ్ళూ చూడాలంటే... వద్దనిపించింది. తీసెయ్యడానికి పుస్తకంలో కారణం దొరికింది. దొరికితే ఎంత సంతోషించానో."

రెండు రోజులుగా ఆమె ఈ మనిషిని మనసులో నిలబెట్టి దులిపేస్తూనే ఉంది. ఇప్పుడు ఆ బెంచీ మీద కూర్చున్నది, సర్దిన కాలరుతో ఒక పసివాడు.

"అయితే వద్దులెండి," అంది. పెయింటరు తల ఎత్తాడు. "మావాడి కోసమని మీ కళ్ళెదుట పెట్టడం న్యాయం కాదు. ఆ చోట ఏదైనా పువ్వో లతో వేస్తారు ఈయన. నేను నోట్లో చెప్పుకుంటాను. మొదట్లో ప్రమాణమంతా నోట్లోనే ఉండేదట కదా."

కార్యదర్శి ఆమె వైపు తిరిగాడు.

"నీకు ఆ మాట వింటే భయం వెయ్యదా?"

"భయమెందుకండీ? ఎవరో అక్కడ పడి ఉన్నారని కాదు కదా అందులో ఉన్నది. ఆయన దిగాడని ఉంది."

"దిగి?"

"దిగినవాడు చేతులు కట్టుకుని చూసి వస్తాడా? మణికట్టు పట్టుకుని లాగుతున్నట్టు పాత బొమ్మల్లో ఉందని అయ్యగారు చెప్పారు."

"అక్కడున్నవాళ్ళలో..." ఆయన గొంతు లెక్కలు చెప్పినవాడి గొంతులా లేదు. "ఈ నమ్మకం లేకుండా పోయినవాళ్ళు కూడా ఉంటారు కదా."

"ఎవరెవరున్నారో కనుక్కుని దిగాడని అందులో లేదండీ," అంది ఆమె.

ఎక్కడో ఒక కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది. ఎవరూ లేచి మూయలేదు.

"నువ్వు నమ్ముతున్నావా అమ్మా?" అన్నాడు కార్యదర్శి.

ఇన్ని ఆదివారాల్లో ఆమెని ఆ మాట ఎవరూ అడగలేదు. అందరితో పాటు చెప్పడమే. "నమ్ముతున్నానండీ," అంది.

ఆయన తల ఊపాడు. కాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, ఖాళీని మరోసారి చూసి, "రాయండి," అన్నాడు.

పెయింటరు ఆ చోట రెండు వేళ్ళు ఆనించి చూశాడు. "ఆరిందండీ," అన్నాడు గంభీరంగా.

"ఆరుతుంది, ఆరుతుంది. లోపలి తడి కదా!" కార్యదర్శి నవ్వాడు. "అక్షరం మిగతావాటి సైజే ఉండాలి. పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు. కమిటీతో నేను మాట్లాడతాను. అయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను."

ఆయన వెళ్ళిపోతాడనుకున్నారు. వెళ్ళలేదు. పెయింటరు అంచులు గీస్తుంటే, వెనకాలే ఆమె నింపుకుంటూ వస్తుంటే, అదే బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఆమె చెయ్యి తేలికగా ఆడుతోంది. కుంచె ఎంత రంగు తీసుకుంటే అంతే వదులుతోంది. ఒత్తుల సందుల్లో కూడా చుక్క జారలేదు. ఈ మూడు రోజుల్లో మొదటిసారి ఆకలి వేస్తున్నట్టు ఆమెకి అప్పుడు తెలిసింది.

"అమ్మా," అని పిలిచాడు కార్యదర్శి వెనకనుంచి. "మీ తమ్ముడి పేరేమిటి?"

ఆమె కుంచె ఆపి వెనక్కి తిరిగింది. గని మూసేశాక ఆ పేరు ఎవరూ అడగలేదు. ఆమె ముందు ఎవరూ పలకలేదు కూడా, బాధపడుతుందని. ఆమె చెప్పింది. ఆయన దాన్ని ఒకసారి నెమ్మదిగా పలికి చూశాడు, కొత్త పిల్లవాడి పేరు హాజరుకి పిలిచినట్టు. తర్వాత తల్లి పేరు చెప్పాడు. అది కూడా చాలాకాలంగా బయటికి రాని పేరని ఆయన చెప్పిన తీరులోనే తెలిసింది. ఆమె కూడా ఆ పేరు ఒకసారి పలికింది.

"నువ్వటు తిరిగి కబుర్లు చెబుతుంటే," అన్నాడు పెయింటరు గోడవైపే చూస్తూ, "ఇక్కడ డబ్బాలో రంగు గడ్డకట్టేస్తోందే."

"వస్తున్నాను," అంది ఆమె. కుంచె ముంచి, డబ్బా అంచుకి ఒకసారి రాసి, మిగిలిన అక్షరాలు నింపడం మొదలుపెట్టింది.